ముందు ఉత్తరం, ఆ తర్వాతే విమానం

ఆస్ట్రోఫిజిక్స్ చదవడానికి ముప్ఫై నలభై లక్షలు అప్పు చేసి విదేశం వెళ్లడమనే మాట మా రోజుల్లో ఎవరి నోటా వినలేదు. అప్పట్లో చదువుకి బ్యాంకులు అంత అప్పు ఇచ్చేవి కావన్నది ఒక కారణమే. కానీ అసలు సంగతి వేరు. నక్షత్రాల గురించి చదవాలనుకున్నవాడిని అవతలివాళ్లే పిలవాలి. ఫీజు మాఫీ చేసి, నెలనెలా గదికీ తిండికీ వాళ్లే ఇవ్వాలి. అలా ఇస్తే వెళ్లాలి, ఇవ్వకపోతే ఇక్కడే ఉండి చదువుకోవాలి. ఇది మాకు ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు, అందరికీ తెలుసు. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్న పిల్లలకు ఇదొక్కటీ తెలియడం లేదు. నా బాధంతా అదే.

నేను ఎమ్మెస్సీ చదివిన 1970ల ఉస్మానియా సంగతి చెబుతాను. అక్కడ ఖగోళశాస్త్రానికి ప్రత్యేకంగా ఒక శాఖ ఉండేది, 1964లోనే యూజీసీ దాన్ని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది. ఇబ్రహీంపట్నం దాటాక జపాల్, రంగాపూర్ ఊళ్ల దగ్గర గుట్ట మీద 48 అంగుళాల టెలిస్కోపు ఉండేది. డైరెక్టర్ అభ్యంకర్ గారు బర్క్‌లీలో పీహెచ్‌డీ చేసి తిరిగొచ్చినవారు. అంతకుముందు తరంలో వైను బాపు గారు. వాళ్ల నాన్నగారు హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. బాపు గారు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద 1949లో హార్వర్డ్ వెళ్లారు. వెళ్లిన ఏడే తోకచుక్కను కనిపెట్టారు. ఈరోజుకీ అది బాపు–బోక్–న్యూకిర్క్ తోకచుక్కే. ఒక సంస్థానం తన డబ్బుతో కుర్రాణ్ణి నక్షత్రాలు చదువుకోమని అమెరికా పంపించింది! ఆ మాట మా గురువులు చెబుతుంటే మాకు రోమాలు నిక్కబొడుచుకునేవి.

మరి మామూలు విద్యార్థి ఏం చేసేవాడు? ముందు లైబ్రరీకి వెళ్లేవాడు. ఆస్ట్రోఫిజికల్ జర్నల్ సంచికలు ఓడలో వచ్చేసరికి నెలల పాతవి అయ్యేవి. వాటిలో మన మనసుకి పట్టిన వ్యాసం ఒకటి చూసుకుని, రాసినవాళ్ల చిరునామా కింద నుంచి ఎత్తి రాసుకునేవాళ్లం. తర్వాత ఏరోగ్రామ్. ఆ నీలం కాగితంలో చోటు తక్కువ కాబట్టి ముందు చిత్తు కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, గురువుగారికి చూపించి, అప్పుడు ఎక్కించేవాళ్లం. మీ వ్యాసంలో ఫలానా నక్షత్రపు కాంతి వక్రరేఖకి ఇలా అర్థం చెప్పారు, మేం జపాల్‌లో తీసిన కొలతల్లో ఇలా కనిపిస్తోంది, దీని మీద పని చేయాలని ఉంది, మీ దగ్గర అసిస్టెంట్‌షిప్‌కి అవకాశం ఉందా అని. వెళ్లడానికి రెండు వారాలు, రావడానికి రెండు వారాలు. జవాబు వస్తే హాస్టలంతా చదివేది.

దరఖాస్తు రుసుం డాలర్లలో పంపే వీలు లేదని రాస్తే కొన్ని యూనివర్సిటీలు మాఫీ చేసేవి. అసిస్టెంట్‌షిప్ అంటే వారానికి ఇరవై గంటల లోపు అక్కడి డిగ్రీ పిల్లలకు ల్యాబ్ చెప్పాలి, పేపర్లు దిద్దాలి. దానికి బదులు ఫీజు మాఫీ, నెల జీతం. అసిస్టెంట్‌షిప్ ఇస్తున్నామన్న కాగితమూ, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రమూ చేతికొచ్చాకే వీసాకి మద్రాసు రైలెక్కేది. రిజర్వ్ బ్యాంకు ఆంక్షల వల్ల ఒక దశలో జేబులో ఎనిమిది డాలర్లు మాత్రమే పెట్టుకుని విమానం ఎక్కినవాళ్లున్నారు. అక్కడ దిగిన మొదటి నెల జీతం చేతికి వచ్చేదాకా సీనియర్ల గదిలో తలదాచుకున్నారు. కష్టమే, కాదనను. కానీ ఇంటి కాగితాలు ఏ బ్యాంకు లాకర్లోనూ లేవు.

ఇప్పుడు అమీర్‌పేటలో మెట్రో దిగి నాలుగు అడుగులు వేయండి, విదేశీ చదువుల బోర్డులు కనిపిస్తాయి. మా కాలనీలో ఒక అమ్మాయి ఉంది, బీఎస్సీ ఫిజిక్స్. చిన్నప్పటి నుంచీ గ్రహణాలు, ఉల్కలు అంటే ప్రాణం. మొన్న వాళ్ల నాన్న స్వీటు డబ్బాతో వచ్చాడు.

"సార్, పాపకి ఇంగ్లండులో స్పేస్ సైన్స్ మాస్టర్స్ సీటొచ్చింది."

"చాలా సంతోషం. స్కాలర్‌షిప్ ఎంతిచ్చారు?"

"ఇచ్చారు సార్, రెండు వేల పౌండ్లు తగ్గించారు. మిగతాది లోను."

"మిగతాది ఎంత?"

ఆయన చెప్పిన అంకె ఇక్కడ రాయను. ఆయన ఇల్లు ఆ అప్పుకి తనఖా. ఏడాది కోర్సు. అది పూర్తయ్యాక ఏం చేస్తుందని అడిగితే, కన్సల్టెన్సీ వాళ్లు ఉద్యోగం దొరుకుతుందన్నారు అన్నాడు. ఎక్కడ ఉద్యోగం? ఆ మాట మాత్రం వాళ్లు చెప్పలేదట.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. కంప్యూటర్లు చదవడానికి అప్పు చేసినవాడికి తీర్చే దారి ఏదో ఒకటి ఉంటుందని అనుకోవచ్చు. ఆస్ట్రోఫిజిక్స్‌లో మాస్టర్స్ అనేది చివర కాదు, మొదలు. దాని తర్వాత మూడు నుంచి ఐదారేళ్ల పీహెచ్‌డీ ఉంటుంది. ఆ పైన రెండేళ్లకోసారి ఊరు మారే పోస్ట్‌డాక్ ఉద్యోగాలు. ఈ దారిలో మనిషి బతకడానికి సరిపడా జీతం వస్తుంది. నెలకి అరవై డెబ్బై వేల వాయిదా కట్టే జీతం మాత్రం చాలా ఏళ్లు రాదు. కాబట్టి ఈ చదువుకి డబ్బు వాళ్లే ఇవ్వాలన్నది గొప్ప కోసం చెప్పే మాట కాదు, లెక్క. అప్పు భారం మీద పడ్డాక ఆ పిల్ల పీహెచ్‌డీ వదిలేసి ఏదో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీకి వెళ్తుంది. ఒక ఖగోళ శాస్త్రవేత్తను మనం అక్కడే పోగొట్టుకుంటాం.

కన్సల్టెన్సీ వాళ్లు ఉచిత చోట్ల గురించి ఎందుకు చెప్పరో తల్లిదండ్రులకు తెలియాలి. చాలామందికి రాబడి వచ్చేది విద్యార్థి కట్టే ఫీజులో యూనివర్సిటీ ఇచ్చే వాటా నుంచి. ఫీజే లేని చోట వాటా ఎక్కడిది? అందుకని ఆ తలుపులు వాళ్ల గోడ మీద కనిపించవు. తలుపులు లేవని కాదు. నిజానికి మా కాలం కన్నా ఇప్పుడే ఎక్కువ ఉన్నాయి, ఆ సంగతి ఒప్పుకోవాలి. మాకు అమెరికా ఒకటి, కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్ ఒకటి, టాటా ఎండోమెంట్ ఒకటి. జె.ఎన్. టాటా పేరిట 1892 నుంచి ఉన్న ఆ నిధి సాయంతోనే ఖగోళ శాస్త్రవేత్త నార్లికర్ గారు కేంబ్రిడ్జ్ వెళ్లారు. ఇప్పుడు యూరప్ అంతా ఇంగ్లిషులో పాఠాలు చెబుతోంది.

యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్ పథకం ఎరాస్మస్ ముండుస్ కింద ఆస్ట్రోఫిజిక్స్, స్పేస్ సైన్స్‌లకే ప్రత్యేకంగా ఒక ఉమ్మడి మాస్టర్స్ ఉంది. పేరు మాస్. రోమ్‌లోని తోర్ వెర్గాతా, బెల్‌గ్రేడ్, బ్రెమెన్, నీస్‌లోని కోత్ దాజూర్ యూనివర్సిటీలు నాలుగూ కలిసి నడుపుతున్నాయి. దానికి ముందు ఆస్ట్రోముండుస్ అని ఇలాంటిదే ఉండేది. స్కాలర్‌షిప్ దక్కితే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు, రెండేళ్లు. దరఖాస్తులు శరదృతువులో తెరిచి చలికాలంలో మూసేస్తారు. పోటీ గట్టిగా ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. స్కాలర్‌షిప్ రాకుండా సీటు మాత్రమే వచ్చినవాళ్లకు సొంత ఖర్చుతో చేరమని కబురు రావచ్చు. ఇంట్లో వాళ్లు దాన్నే స్కాలర్‌షిప్ అనుకుని ఊరంతా చెప్పేస్తారు. ఉత్తరంలో ఏ మాట ఉందో రెండుసార్లు చదవండి.

ఇటలీ సంగతి మనవాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. గెలీలియో 1592 నుంచి 1610 దాకా పాఠాలు చెప్పిన పాదువాలోనూ, బొలోన్యాలోనూ ఆస్ట్రోఫిజిక్స్ అండ్ కాస్మాలజీ మాస్టర్స్ ఇంగ్లిషులో ఉంది. అక్కడ ప్రాంతీయ ప్రభుత్వాలు ఇచ్చే స్కాలర్‌షిప్‌కి మొదటి ఏడాది మార్కులతో పనిలేదు, కుటుంబ ఆదాయం చూస్తారు. మన తాసీల్దార్ ఇచ్చే ఆదాయ పత్రం, ఆస్తుల వివరాలు, బ్యాంకు నిల్వలు అన్నీ అనువాదం చేయించి, ముద్రలు వేయించి పట్టుకెళ్తే, ఇసే అనే లెక్క కట్టిస్తారు. ఆ లెక్క వాళ్లు పెట్టిన పరిమితి కన్నా తక్కువైతే ఫీజు మాఫీ, ఏడాదికి కొన్ని వేల యూరోలు, మెస్సులో భోజనం. రెండో విడత రావాలంటే నిర్ణీత క్రెడిట్లు పాసవ్వాలి. నేతపనివాడి కొడుకో, కౌలురైతు కూతురో యూరప్‌లో ఖగోళశాస్త్రం చదవగలిగే దారి ఇది. దీని గురించి మన డిగ్రీ కాలేజీల నోటీసు బోర్డు మీద ఒక్క కాగితం కూడా నాకు కనిపించలేదు. కార్పొరేట్ కోచింగ్ పోస్టర్లు మాత్రం పైకప్పు దాకా ఉంటాయి.

జర్మనీ పేరు చెప్పి అమ్మే మాటల మీద నాకు ఇంకో ఫిర్యాదు ఉంది. ఉచిత విద్య, ఉచిత విద్య అంటారు. ఫీజు లేకపోవడం వేరు, ఖర్చులకు డబ్బు ఇవ్వడం వేరు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజు లేని మాట నిజం. అదీ అన్నిచోట్లా కాదు. హైడెల్‌బర్గ్ ఉన్న రాష్ట్రంలో యూరప్ బయటివాళ్లకు 2017 నుంచి సెమిస్టరుకి 1,500 యూరోలు. పైగా వీసాకి ముందే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు, నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే బ్లాక్డ్ ఖాతాలో చూపించమన్నారు. అంటే పది లక్షల పైనే. మన చదువు పత్రాలు అసలువేనని ధ్రువీకరించే ఏపీఎస్ పత్రం ఒకటి ఢిల్లీలో తీసుకోవాలి, 2022 చివర నుంచి అది తప్పనిసరి. ఇవన్నీ తెలిసి వెళ్తే మంచి చోటే. బాన్‌లో ఆస్ట్రోఫిజిక్స్ మాస్టర్స్ ఉంది, అదే ఊళ్లో రేడియో ఖగోళశాస్త్రానికి మాక్స్ ప్లాంక్ సంస్థ ఉంది, వాళ్లది ఎఫెల్స్‌బర్గ్‌లో వంద మీటర్ల డిష్షు. అలాంటి చోట రెండో ఏడు పరిశోధన బృందంలో గంటల లెక్కన పని దొరికితే గది అద్దె వెళ్లిపోతుంది. దొరక్కపోతే ఏం చేయాలో ముందే ఆలోచించుకుని వెళ్లాలి.

కెనడా మాత్రం మా రోజుల పద్ధతికి దగ్గరగా ఉంది. మెక్‌గిల్, బ్రిటిష్ కొలంబియా, వెస్టర్న్ లాంటి చోట్ల పరిశోధనతో కూడిన ఎమ్మెస్సీకి డబ్బిచ్చే తీసుకుంటారు. పాఠాలు చెప్పినందుకు కొంత, ప్రొఫెసర్ గ్రాంటు నుంచి కొంత. అమెరికాలో మాస్టర్స్ అని విడిగా వెళ్తే ఎక్కువగా సొంత డబ్బే, నేరుగా పీహెచ్‌డీకి వెళ్తే వాళ్లే పోషిస్తారు. ఇక్కడ ఎమ్మెస్సీ చేసినవాళ్లు ఆ దారే చూసుకోవాలి. కాకపోతే 2025లో పరిశోధన నిధులకు కోతపడి కొన్ని యూనివర్సిటీలు ఆ సీట్లూ తగ్గించాయి. ఫ్రాన్సులో ఎయిఫెల్ స్కాలర్‌షిప్ ఉంది. దానికి విద్యార్థి నేరుగా దరఖాస్తు పెట్టలేడు, చేరబోయే సంస్థే అతని పేరు పంపాలి. పారిస్-సాక్లే వాళ్లు సొంతంగా ఏడాదికి పది వేల యూరోలు ఇస్తారు. జపాన్ ప్రభుత్వపు మెక్స్ట్ స్కాలర్‌షిప్ వేసవిలో రాయబార కార్యాలయం ద్వారా నడుస్తుంది, విమానం టిక్కెట్టుతో సహా. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 20 లక్షల దాకా ఉంది, కేంద్రానిది నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వేరే ఉంది. మా సహాధ్యాయుల్లో ఎంతో తెలివైనవాళ్లు ఇలాంటిది లేక ఆగిపోయారు. ఇప్పుడు ఉంది కదా, వాడుకోండి.

ఇంకొకటి చెప్పాలి. స్పేస్ సైన్స్ అనే పేరు కింద ఇప్పుడు ఏవేవో కలిపేస్తున్నారు. రాకెట్లు, ఉపగ్రహాలు కట్టడం ఇంజినీరింగ్. నక్షత్రం లోపల ఏం జరుగుతోందో, గెలాక్సీ ఎలా పుట్టిందో చదవడం ఫిజిక్స్. మెకానికల్ బీటెక్ చేసి ఆస్ట్రోఫిజిక్స్ మాస్టర్స్‌కి పెడితే క్వాంటం మెకానిక్స్ ఎక్కడ చదివావు, విద్యుదయస్కాంతత్వం ఎన్ని క్రెడిట్లు అని అడిగి వెనక్కి పంపిస్తారు. మూడేళ్ల బీఎస్సీని ఒప్పుకోని చోట్లూ ఉన్నాయి. రాసి అడగాలి. నాసాలో ఉద్యోగం అని ఆశపెట్టేవాళ్లు, ఆ ప్రభుత్వ ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వం కావాలన్న మాట చెప్పరు. దేశం ముందు ఎంచుకుని, కోర్సు తర్వాత చూసుకుని, డబ్బు గురించి చివర్లో ఆలోచించడమంటే సంబంధం చూడకుండా కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టడమే. మేం ముందు మనిషిని వెతికేవాళ్లం. ఎవరి పని మాకు నచ్చింది, ఎవరి దగ్గర నేర్చుకోవాలి అని. దేశం, ఊరు, చలి అన్నీ ఆ తర్వాతే తెలిసేవి.

ఉత్తరం ఎంత పని చేస్తుందో ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ గారి కథే చెబుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంకా డిగ్రీ విద్యార్థి. 1928లో జర్మన్ శాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్ మద్రాసు వస్తే వెళ్లి కలిశారు. నువ్వు చదివిన ఫిజిక్సు పాతబడింది నాయనా అని చెప్పి, సోమర్‌ఫెల్డ్ అచ్చు కావాల్సిన తన వ్యాసపు ప్రూఫులే ఆయన చేతికిచ్చారు. ఆ కుర్రాడు వాటిని చదివి, తనే సొంతంగా ఒక పరిశోధన వ్యాసం రాసి, కేంబ్రిడ్జ్‌లోని శాస్త్రవేత్త ఫౌలర్‌కి పోస్టులో పంపారు. అది 1929లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. 1930లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఓడ ఎక్కేనాటికి ఫౌలర్‌కి ఆయన కొత్తవాడు కాదు. ఆ ఓడ ప్రయాణంలో వేసిన లెక్కలే తర్వాత నోబెల్ దాకా తీసుకెళ్లాయి. ఆయనంతటివాళ్లు అందరూ కాలేరు, తెలుసు. కానీ ఆయన చేసిన పనిలో మొదటి మెట్టు ఎవరైనా ఎక్కొచ్చు. చదివి, ఆలోచించి, ఒక మనిషికి రాయడం.

ఇప్పటి ఉత్తరాలు చూశాను. గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ ప్రొఫైల్ చూసి ముగ్ధుణ్ణయ్యాను అని మొదలై, అదే ఉత్తరం వందమందికి వెళ్తుంది. కొన్నిసార్లు పక్కవాడి పేరు కూడా తీయరు. దాన్ని తెరిచినవాళ్లు ఎందుకు జవాబిస్తారు? వీళ్ల చేతిలో ఏం తక్కువైంది? నిజామియాలో పెద్దలు దశాబ్దాల పాటు ఫొటో పలకల మీద చుక్కలను కళ్లు పోయేలా కొలిచి లక్షల నక్షత్రాల స్థానాలు అచ్చువేశారు. ఇప్పుడు గయా ఉపగ్రహం కొలిచిన 180 కోట్ల నక్షత్రాల పట్టిక 2022 నుంచి అందరికీ తెరిచి ఉంది, పైసా అక్కర్లేదు. మన ఆస్ట్రోశాట్ 2015 నుంచి పైన ఉంది, ఆదిత్య-ఎల్1 2023లో వెళ్లింది, వాటి కొలతలూ విద్యార్థి దించుకోవచ్చు. సిద్దిపేటలోనో శ్రీకాకుళంలోనో కూర్చుని ఒక నక్షత్ర గుచ్ఛం వయసు లెక్కకట్టి, ఆ పటాన్ని ఉత్తరంతో జతచేస్తే బాన్‌లో ప్రొఫెసర్ చూడకుండా ఉంటాడా? మాకు జర్నలే నెలల తర్వాత వచ్చేది, వీళ్లకు వ్యాసం రాసిన మర్నాడే కనిపిస్తుంది. అయినా తెరిచి చూసేవాళ్లు ఎంతమంది?

తప్పంతా పిల్లలదే అనను. డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ ల్యాబ్ తాళం తీసేది పరీక్షల నెలలోనే. చిన్న టెలిస్కోపు ఉన్న చోట కూడా దాన్ని బయటికి తీసి రాత్రి పిల్లలతో మేడెక్కే మాస్టారు కరువయ్యాడు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం రంగాపూర్ మీదుగా వెళ్లినప్పుడు దేశం నలుమూలల నుంచీ శాస్త్రవేత్తలు ఆ గుట్ట మీదకి వచ్చారు. చుట్టూ ఊళ్లలో జనం భయంతో తలుపులు వేసుకుంటే, మా గురువులు పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని ఒక్కో పరికరం ఏం చేస్తుందో చెప్పారు. అలా చెప్పేవాళ్లు ఉంటే కోర్సు ఎక్కడుందని పిల్లలు కన్సల్టెన్సీని అడగాల్సిన పనే లేదు.

సిఫారసు లేఖల సంగతి మరీ దారుణం. మా గురువుగారు సిఫారసు రాసే ముందు రెండు గంటలు కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఏ సమస్య దగ్గర ఆగిపోయాడు, ఎలా బయటపడ్డాడు, చేత్తో తీసిన కొలతలు నమ్మదగ్గవేనా, అన్నీ రాసి, కవరు అంటించి, అంటించిన చోట సంతకం పెట్టి తనే పోస్టు చేసేవారు. అందులో ఏముందో మాకు తెలిసేది కాదు. ఆ కాగితం చూసే అవతలివాళ్లు డబ్బిచ్చేవాళ్లు. ఇప్పుడు విద్యార్థే రాసుకొస్తే కింద సంతకం పెట్టి స్టాంపు కొడుతున్నారు. ఒకే కాలేజీ నుంచి వెళ్లిన ముగ్గురి లేఖల్లో ఒకే పేరా ఉంటే అక్కడి కమిటీకి కనబడదా? స్కాలర్‌షిప్ ఇచ్చే చోట ఆ లేఖే ప్రాణం. డబ్బు కట్టించుకునే చోట దాన్ని ఎవరూ అంత పట్టించుకోరు. అందుకే లేఖ రాయడం మానేసిన మాస్టార్లు, తమకు తెలియకుండానే, పిల్లల్ని అప్పుల వైపు తోస్తున్నారు.

ఆ అమ్మాయి వాళ్ల నాన్నతో నేను చెప్పింది ఒకటే. అడ్వాన్సు ఇంకా కట్టలేదు కాబట్టి కట్టొద్దన్నాను. ఈ ఏడాది ఇక్కడే ఎమ్మెస్సీలో చేరమన్నాను. అక్టోబరు కల్లా ఆదాయ పత్రాలు సిద్ధం చేసుకుని, మాస్‌కి ఒకటి, పాదువాకి ఒకటి, రెండేళ్ల తర్వాత కెనడాకి అన్నట్టు వరస రాసిచ్చాను. ఆయన ముఖం చిన్నబోయింది, చుట్టాలకి చెప్పేశాం సార్ అన్నాడు. అమ్మాయి మాత్రం ఆ సాయంత్రమే గయా పట్టిక ఎలా దించాలో అడగడానికి వచ్చింది. కృత్తికల నుంచి మొదలుపెట్టమన్నాను.